ఆగుట తెలియని కణము

పామును పురుగనుట, మశూచిని అమ్మవారనుట మన యిండ్లలో తరతరముల వాడుక. భయపడినదానికి పేరు పెట్టి పిలువకుండుట మన యలవాటు. క్యాన్సరును కూడ మనమట్లే చూచితిమి. పెద్దలు రాచపుండనిరి, మనము "ఆ రోగము" అని గొంతు తగ్గించి చెప్పుచున్నాము. పేరు పలుకకున్నంత మాత్రమున రోగము రాకమానదు. పేరు పలుకకుండుటవలన దానిని గూర్చి ప్రశ్న లడుగుట మాత్రము మానుచున్నాము. మనమడుగని ప్రశ్నలకు ఇరుగుపొరుగువారు, చుట్టపక్కములు తోచిన సమాధానములు చెప్పుచుందురు. ఆ సమాధానములవలన ప్రాణములు పోవుటయు కలదు.

సోదరీమణులారా! మేము వైద్యశాస్త్రము చదివినవారము కాము. చిన్ననాట మా తండ్రిగారు ఇంటనే భారత భాగవతములు, కొంత వ్యాకరణము చెప్పిరి. ఆధునిక శాస్త్రము మాకు పెండ్లి తరువాత వచ్చిన చదువు. మా వారు కామారెడ్డిలో ఉపాధ్యాయులు; వారు బడినుండి తెచ్చు పుస్తకములు వంటింటి కిటికీలో నుంచుకొని చదువుట మాకు పదునైదేండ్ల యలవాటు. ఈ వ్యాసము వ్రాయుటకు కారణమైనది మాత్రము పుస్తకము కాదు, ఎల్లారెడ్డిలోనున్న మా యాడుబిడ్డ యడిగిన ఒక ప్రశ్న.

ఆమెకు రొమ్మున గడ్డ తేలినది. హైదరాబాదులో శస్త్రచికిత్స చేసి, మూడు వారముల కొకమాఱు వచ్చి సూదిమందు ఎక్కించుకొని పోవలెనని వైద్యులు చెప్పిరి. మొదటి మందు ఎఱ్ఱగా నుండెను. ఇంటికి వచ్చిన పిమ్మట మూత్రము కూడ ఎఱ్ఱనైనందున రక్తము పోవుచున్నదని అందఱు నేడ్చిరి. అది మందు రంగే గాని రక్తము కాదని నర్సు ఫోనులో చెప్పువఱకు ఇంటిలో పొయ్యి వెలుగలేదు. రెండు వారములు దాటగానే దువ్వెననిండ వెండ్రుకలు. రెండవ మందు తరువాత తల బోడియైనది, నోరు పూసి గంజి తప్ప మఱేమియు దిగలేదు. భర్త చల్లగా నుండగా తల బోడియగుట మన స్త్రీలకెట్టి దుఃఖమో వేఱుగ చెప్పనక్కఱలేదు. వాకిలి ముందఱ ముగ్గు వేయుటకైన ఆమె బయటికి రాలేదు. "బతికుండంగనే మందుతోని సంపుతరు, ఇగ వద్దు" అని అత్తగారు నిశ్చయించిరి. మూడవమాఱు హైదరాబాదు పోవలసిన దినమునకు ఇంక అయిదు దినములున్నవనగా మాకు కబురు వచ్చినది.

లింగంపేట మీదుగా పోవు బస్సునెక్కి మేము ఎల్లారెడ్డి చేరునప్పటికి ఆమె చెంగు తలనిండ కప్పుకొని లోపలి గదిలో కూర్చుండి యుండెను. మమ్ము చూచి ఏడువలేదు, ఒక ప్రశ్న మాత్రము వేసినది: "రోగం రొమ్ముల ఉంటె మందు తలకెందుకెక్కింది వదినె? ఎంటికలేం పాపం జేసినయి?"

ఇది చదువుకొన్నవారు కూడ అడుగవలసిన ప్రశ్న. దీనికి సమాధానము చెప్పవలెనన్న కణము ఎట్లు రెండగునో మొదట చెప్పవలెను.

మన శరీరమున సుమారు 30 లక్షల కోట్ల కణములున్నవని శాస్త్రజ్ఞుల యంచనా. ఇవన్నియు తల్లి కడుపులోని ఒక్క కణమునుండి పుట్టినవే. ఒకటి రెండై, రెండు నాలుగై ఇంతగా పెరిగినవి. పెరుగుట ముగిసిన పిమ్మటను ఈ పని ఆగదు. ఎముకలలోని మూలుగ దినమునకు సుమారు 20,000 కోట్ల ఎఱ్ఱ రక్తకణములను చేయుచుండును. ప్రేవుల లోపలి పొర మూడు నుండి అయిదు దినములలో మాఱిపోవును. వెండ్రుకల కుదుళ్ళలోని కణములు, నోటిలోని పొర కూడ ఇట్లే ఎడతెగక పనిచేయుచుండును. ఇందుకు భిన్నముగ నరముల కణములలో పెక్కు ఒకమాఱు పుట్టినవి మరల రెండు కావు. ఎవరు పెరుగవలెను, ఎవరు నిలువవలెనను మర్యాద దేహమునంతటను కలదు.

సామాన్యముగ కణము నడుమను కేంద్రకము, అందులో 46 క్రోమోసోములు కలవు. అవి డి.ఎన్.ఏ. అను సన్నని నూలు చుట్టలు. ఒక్క కణములోని నూలును సాగదీసినచో సుమారు రెండు మీటర్లుండును. మన రూపము, రంగు, రక్తము, అన్నియు అందులో అక్షరములుగ వ్రాయబడియున్నవి. కణము రెండు కావలెనన్న మొదట ఈ గ్రంథమునంతయు రెండవ ప్రతి వ్రాయవలెను. పూర్వము తాళపత్రములపై గంటముతో భారతమునకు ప్రతి వ్రాసిన లేఖకుని తలచుకొనుడు. ఆతడు ఒక పర్వము వ్రాసి, మూలముతో సరిచూచి, తప్పు దిద్ది, పిమ్మట ముందునకు పోవును. కణము చేయునదియు నిదియే. సరిచూచుట, దిద్దుట అయిన పిమ్మట సుమారు నూఱు కోట్ల యక్షరములకు ఒక తప్పు మాత్రము మిగులునందురు. ఏ లేఖకుడును ఇంతటివాడు కాడు.

త్వరగా పెరుగు మానవకణమునకు ఈ పని యంతయు ఒక దినము పట్టును. మొదట పదునొకండు గంటలు తినుట, పెరుగుట. పిదప ఎనిమిది గంటలు ప్రతి వ్రాయుట. మరల నాలుగు గంటలు సరిచూచుకొనుట. కడపట ఒక్క గంటలో చీలి రెండగుట. దీనినే కణచక్రమందురు. ఈ చక్రమున కొన్ని నాకాలు, అనగా తనిఖీ ద్వారములు కలవు. ప్రతి వ్రాయుటకు ముందు మొదటిది: ఆహారమున్నదా, ఇరుగుపొరుగు కణములు పెరుగుమనుచున్నవా, నూలు ఎక్కడను తెగలేదు గదా యని విచారణ. వ్రాసిన పిమ్మట రెండవది: ప్రతి సంపూర్ణముగ ముగిసినదా? చీలుచుండగా నడుమ మూడవది: జంటలైన క్రోమోసోములు రెండు ప్రక్కలనుండి వచ్చిన మోకులకు సరిగ కట్టబడినవా? ఒక్కటి కట్టబడకున్నను లాగుట మొదలు కాదు. ఎల్లారెడ్డివారికి నిజాంసాగరము ఎఱుకయే. మంజీరపై 1931లో ముగిసిన ఆ కట్టకు గేట్లు లేకున్న, నీరు ఎంత మేలైనదైనను ఊళ్ళను ముంచును గదా. కణముల పెరుగుటయు నట్టిదే.

ఈ ద్వారముల సంగతి మొదట తెలిసినది మనుష్యుని దేహమున కాదు. రొట్టెను పొంగించునది, కల్లున నురుగు లేపునది అయిన ఈస్టను సూక్ష్మజీవిలో లీలండ్ హార్ట్‌వెల్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1970 ప్రాంతమున కణచక్రమును నడపు జన్యువులను ఒక్కొక్కటిగ పట్టెను. పాల్ నర్స్ అను ఆంగ్లేయుడు ఆఫ్రికాలో చిఱుధాన్యములతో కాచు కల్లునుండి వచ్చిన వేఱొక ఈస్టుపై పనిచేసెను. దాని శాస్త్రనామమునందలి 'పోంబె' యను మాటకు స్వాహిలీ భాషలో కల్లని యర్థము. మా కామారెడ్డి ప్రాంతమున కల్లు దుకాణము లేని యూరు అరుదు. నురుగు పొంగు కుండలో ఇంత విద్య యున్నదని ఎవరు తలచిరి? 1987లో నర్సు పక్షమువారు ఈస్టులోని అధికారి జన్యువునకు సరియైనదియే మనుష్యునిలోను ఉన్నదని చూపిరి. ఈస్టునుండి దానిని తీసివేసి మనుష్యునిది పెట్టినను కణము చక్కగా చీలినది!

మూడవవాడు టిమ్ హంట్. 1982లో సముద్రపు జీవియైన సీ అర్చిను గ్రుడ్లను చూచుచుండగా, ఒక ప్రోటీను కణము చీలుటకు ముందు క్రమముగ పెరిగి, చీలునప్పుడు హఠాత్తుగ మాయమగుట గమనించెను. దానికి సైక్లిన్ అని పేరు పెట్టిరి. పొయ్యిమీది పాలు మెల్లగ పొంగి, అంచు దాక వచ్చి, ఒక్కమాఱుగ క్రిందికి దిగుట మనము దినమును చూచుచున్నాము. సైక్లిన్ నడకయు నట్టిదే. అది పొంగినప్పుడు ద్వారము తెఱచుకొనును, దిగినప్పుడు చక్రమొక చుట్టు ముగియును. ఈ మువ్వురకును 2001లో నోబెల్ బహుమానము వచ్చినది.

ఇక రోగమునకు వత్తము. మేము మొదట క్యాన్సరును గూర్చి చదివినప్పుడు దేవీమాహాత్మ్యములోని రక్తబీజుడు తోచెను. నేలరాలిన ప్రతి రక్తబిందువునుండి మఱియొక రాక్షసుడు! ఉపమానము బాగున్నట్లే కనబడును గాని, అది సరికాదని పిమ్మట తోచినది. రక్తబీజుడు బయటినుండి వచ్చిన శత్రువు. క్యాన్సరు కణము మన యింటి పిల్లయే. పుట్టినప్పుడు మంచిదే. నూలులో ఒకచోట తప్పు పడి, అది దిద్దబడక, ఆగుమన్న మాట వినుట మఱచినది, అంతే. అది తక్కిన కణములకంటె వేగముగ పెరుగునని అందఱనుకొందురు. అన్నివేళల నది నిజము కాదు. మూలుగ కణములు, ప్రేవుల కణములు పెక్కు గడ్డలకంటె వేగముగ పెరుగును. వేగము కాదు దాని దోషము, ఆగకుండుట.

ఆపు కావలివారిలో ముఖ్యుడైన ప్రోటీనునకు పి-53 అని చప్పని పేరు పెట్టిరి, 1979లో కనుగొనిరి. నూలు తెగినచో ఇది చక్రమును ఆపును. బాగుచేయుటకు వ్యవధి నిచ్చును. బాగుపడని తెగుడైనచో కణమును తనంత తాను నశింపజేయును. మనుష్యులకు వచ్చు క్యాన్సరులలో సగమునకు దగ్గరగ ఈ కావలివాని జన్యువే చెడియుండును. పొగాకు పొగలోని విషము సరిగ ఈ జన్యువునే గాయపఱచునని 1996లో తేలినది. మా చుట్టుపట్ల పల్లెలలో తునికాకున బీడీలు చుట్టి సంసారములు నడపు స్త్రీలు వేలకొలది కలరు. ఆ పని మానుమని చెప్పుట మావంటి వారికి సులభము, కూలి చూపుట కష్టము. కావున ఆ మాట ఇక్కడ పెంచము. గర్భాశయ ముఖద్వారమునకు వచ్చు క్యాన్సరున నయితే ఒక వైరసు లోనికి చొచ్చి కావలివారినే పట్టి కట్టివేయును. ఆడపిల్లలకు చిన్నవయసున, తొమ్మిదికిని పదునాలుగుకును నడుమ, టీకా వేయించినచో ఆ వైరసు చాలవఱకు లోనికి రాలేదు. ఈ సంగతి తెలిసిన తల్లులు మన ప్రాంతమున ఇంకను తక్కువ.

మందులలోనికి పోవుటకు ముందు మన తెలుగువాని నొకని తలచుకొనవలెను. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున పుట్టిరి. మదరాసులో వైద్యము చదివి, భార్య శేషగిరిగారిని ఇచ్చట విడిచి అమెరికా పోయిరి. మరల రాలేదు. పుట్టిన పసివాడు తండ్రి ముఖము చూడకయే పోయెను. ఆయన కీర్తిని వ్రాయువారు ఆమెను గూర్చి ఒక వాక్యముతో సరిపుచ్చుదురు. మేమును అంతకుమించి తెలిసినవారము కాము గాని, ఆ వాక్యము దగ్గఱ మాకు ప్రతిమాఱు చూపు ఆగిపోవును.

లెడర్లీ అను మందుల కంపెనీలో సుబ్బారావుగారి పర్యవేక్షణమున 1945లో ఫోలిక్ ఆమ్లమును రసాయనశాలయందు తయారుచేసిరి. ఈ పేరు మనకు క్రొత్తది కాదు. గర్భిణులకు ఇనుముతో కలిపి ఇచ్చు ఎఱ్ఱని మాత్రలలో నున్నదిదియే. ఆకు అను నర్థముగల లాటిను పదమునుండి ఆ పేరు వచ్చినది. పాలకూరనుండి దానిని వేఱుచేసిరి. అంతకు ముందే లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలోని గర్భిణుల రక్తహీనతను ఈస్టు సారముతో కుదిర్చి, అందులో నేదో యున్నదని 1931లో చెప్పియుండెను. ఇంతకును దీని పని యేమి? కణము ప్రతి వ్రాయునప్పుడు అక్షరములు తయారగుటకు ఇది కావలెను. కడుపులోని శిశువు దినదినము పెరుగును గనుకనే తల్లికి ఇది యంతగ కావలసివచ్చుచున్నది.

బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తపు క్యాన్సరుగల పసివారికి ఫోలిక్ జాతి పదార్థముల నిచ్చి చూచెను. రోగము తగ్గకపోగా ఎక్కువైనట్లు తోచినది. అప్పుడు తలక్రిందుగ ఆలోచించిరి. ఫోలిక్ ఆమ్లమువలె నుండి, దాని చోటున కూర్చుండి, పనిమాత్రము చేయని నకిలీ పదార్థమును పంపినచో? సుబ్బారావుగారి పక్షమువారు అట్టి నకిలీని తయారుచేసి పంపిరి. దాని పేరు అమినోప్టెరిన్. 1948 జూనులో ఫార్బర్ ప్రకటించిన వ్యాసమున 16 మంది పిల్లలలో 10 మందికి గుణము కనబడినదని వ్రాసెను. ఆ గుణము కొన్ని నెలలే నిలిచెను. అయినను అంతవఱకు ఆ పిల్లలకు ఏ మందును పనిచేసియుండలేదు. అదే యేడు ఆగస్టులో సుబ్బారావుగారు 53 ఏండ్లకే న్యూయార్కున కన్నుమూసిరి. ఆ నకిలీకి తోబుట్టువైన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. కీళ్ళవాతమునకు కూడ చిన్న మోతాదున ఇత్తురు. మీ యింట నెవరైన అట్లు వాడుచున్నచో అది వారమునకు ఒక్కమాఱు మాత్రమే, దినమును వేసికొన్న ప్రమాదము. గర్భిణులు తాకనే రాదు.

సుబ్బారావుగారి మందు కణమును వ్రాతలో పట్టును. చీలుటలో పట్టు మందు మన పెరటిలోనే పుట్టినది. బిళ్ళగన్నేరు పూవు మీకందఱకు తెలియును: తెలుపు, గులాబిరంగు, నీరు పోయకున్నను గోడప్రక్క పూయును, మేక కూడ ముట్టదు. దాని జన్మస్థానము మడగాస్కరు. మధుమేహమునకు పనిచేయునని కొన్ని దేశముల వాడుక. కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అను నిరువురు ఆ వాడుకను పరీక్షింపబోగా చక్కెర తగ్గలేదు గాని, ఎలుకలలో తెల్ల రక్తకణములు తగ్గిపోయినవి. వారు 1958లో ఆ యాకునుండి విన్‌బ్లాస్టిన్‌ను వేఱుచేసిరి. దాని చెల్లెలు విన్‌క్రిస్టిన్ 1963 నుండి అమెరికాలో వాడుకకు వచ్చినది. ఇవి కణములో మోకులను కట్టనీయవు. క్రోమోసోములు జంటజంటలుగ నడుమ నిలిచియుండును, లాగుటకు త్రాడుండదు. అభిమన్యునివలె కణము వ్యూహమున చొచ్చును, వెలికి వచ్చుదారి యుండదు. (అభిమన్యుని ఇట్టిదానితో పోల్చుట మాకును కష్టముగనే యున్నది.) యూ అను చెట్టు బెరడునుండి వచ్చిన ప్యాక్లిటాక్సెల్ దీనికి విరుద్ధముగ పనిచేయును: కట్టిన మోకును విప్పనీయదు. ఈ సంగతి 1979లో తేల్చినది సుసాన్ హార్విట్జ్ అను స్త్రీ. మోకు కట్టకున్నను, విప్పకున్నను కణము ఆ మూడవ నాకా దగ్గఱ చిక్కుకొని నశించును. మా యాడుబిడ్డకు తరువాతి మందులుగ వ్రాసియుంచినది ఈ ప్యాక్లిటాక్సెల్‌నే. బిళ్ళగన్నేరు ఆకు మందగునని విని, ఎవరును ఇంట కషాయము కాచరాదు. అది విషపు మొక్క, వైద్యులు మిల్లీగ్రాముల లెక్కన ఇచ్చు పదార్థమునకు గిన్నెలోని కషాయమున లెక్క యుండదు. ఎల్లారెడ్డిలో ఎవరో అట్టి సలహాయు నిచ్చియుండిరి.

మేము ఆ గదిలో ఇంత శాస్త్రము చెప్పలేదు. పాలు, మోకులు, కల్లునురుగు మాత్రము చెప్పి, అటుపై ఆమె ప్రశ్నకు వచ్చితిమి. మందునకు రొమ్మేదో తలయేదో తెలియదు. రక్తముతో దేహమంతటను తిరిగి, ఎక్కడ ఏ కణము రెండగుచున్నదో అక్కడ దానిని పట్టుకొనును. గడ్డ తీసివేసినను దాని విత్తనము ఎక్కడెక్కడ పడినదో కంటికి కనబడదు గనుకనే మందునట్లు దేహమంతట తిప్పుట. ఆ దారిలో వెండ్రుకల కుదుళ్ళు, నోటి పొర, మూలుగ, ఇవన్నియు రెండగుచునే యుండును గనుక వానికిని దెబ్బ తగులును. వెండ్రుకలు చేసిన పాపము పెరుగుటయే.

"మఱి అవి మళ్ల వస్తయా?" అని ఆమె యడిగినది. వచ్చును. ఎందుకు వచ్చునన్నదే ఈ వైద్యమునకంతకు ఆయువుపట్టు. మంచి కణమునకు ఆగుట తెలియును. నూలు తెగగానే నాకా దగ్గఱ నిలిచి, బాగుచేసికొని, పిమ్మట కదలును. కుదుళ్ళ అడుగున మూలకణములు కొన్ని సద్దు లేక నిదురించుచుండును. మందు వానిని పట్టజాలదు. మందు ఆగిన పిమ్మట అవియే లేచి మరల వెండ్రుకను మొలిపించును. క్యాన్సరు కణమునకు ఆగుట తెలియదు. నూలు ముక్కలైనను పరుగెత్తిపోయి, చీలుటలో చిక్కి నశించును. దేనివలన అది రోగమైనదో దానివలననే అది మందునకు దొరకుచున్నది. అన్ని కణములు దొరకునని మేము చెప్పలేదు. కొన్ని మందును బయటికి త్రోసివేయ నేర్చును, కొన్ని కొంతకాలము నిదురపోయి తప్పించుకొనును. వైద్యులు ఒకటికి మించిన మందులు కలిపి ఇచ్చుట అందుకే. రక్తపు క్యాన్సరుగల పిల్లలకు బిళ్ళగన్నేరు మందును, సుబ్బారావుగారి నకిలీని, మఱికొన్నింటిని కలిపి ఇచ్చుటవలననే నేడు సంపన్న దేశములలో పదిమందిలో తొమ్మండ్రు వఱకు బ్రతుకుచున్నారు.

మూడు వారముల లెక్కను అత్తగారు అడిగిరి. సూది వేసిన పిమ్మట ఏడు మొదలు పదునాలుగు దినములలో తెల్ల కణములు అడుగంటును. అప్పుడు జ్వరము 100.4 దాటినచో తెల్లవాఱువఱకు ఆగక ఆసుపత్రికి పోవలసినది. ఇరువది యొకటవ దినము నాటికి మూలుగ మరల నిండుకొనును. అంతకు ముందే మందిచ్చినచో మంచి కణములకు వ్యవధి చాలదు; చాల జాగు చేసినచో చావక మిగిలిన చెడ్డ కణములు మరల పెరుగుటకు వ్యవధి దొరకును. ఇది వైద్యుడు తన వీలునుబట్టి పెట్టిన ముహూర్తము కాదు, మూలుగ పెట్టినది. ఈ మాట అత్తగారికి నచ్చినది. ముహూర్తము తప్పరాదని వారికి వేఱుగ చెప్పనక్కఱలేకపోయినది.

తల సంగతికి వారే ఉపాయము చెప్పిరి. వేములవాడ రాజన్నకు తలనీలము లిచ్చి వచ్చిన యాడువారిని ఎవరేమందురు? అడిగినవారికి మొక్కని చెప్పుమనిరి. మాకు అబద్ధము నచ్చదు గాని, ఆ దినమున ఆ మాటను కాదనలేదు. మూడవ సూదికి ఆమె పోయినది. తరువాతివి కూడ ముగిసినవి. ప్యాక్లిటాక్సెల్‌తో కాళ్ళు తిమ్మిరెక్కుచున్నవని చెప్పగా వైద్యులు మోతాదు సరిచేసిరి. ఇప్పుడు రాత్రిపూట ఒక మాత్ర వేసికొనుచున్నది. ఆమె గడ్డ స్త్రీ హార్మోను మాట విని పెరుగు జాతిది. ఆ మాత్ర ఆ మాటను వినబడనీయదు. రోగము ముదిరినవారికి మొదటి నాకానే నేరుగ మూసివేయు మాత్రలు కూడ ఇప్పుడున్నవి. వానిలో మొదటిదైన పాల్బోసైక్లిబ్‌కు 2015లో అమెరికాలో అనుమతి వచ్చినది. ఈస్టులోను, సీ అర్చిను గ్రుడ్డులోను చూచిన సంగతి మాత్రయగుటకు ముప్పది యేండ్లకు పైగ పట్టినది.

వెండ్రుకలు రెండంగుళములు వచ్చినవి. మునుపు కోలగా నుండినవి ఇప్పుడు ఉంగరములు తిరిగి వచ్చినవి, కొందఱికి అట్లగునట.

పోయిన నెల ఆమె రెండవ ప్రశ్న వేసినది: తన కూతురికి కూడ వచ్చునా యని. నూలు తెగుడును బాగుచేయు జన్యువులు కొన్ని కుటుంబములలో పుట్టుకతోనే చెడియుండును. రొమ్ము క్యాన్సరు వచ్చిన నూర్గురిలో అయిదుగురు మొదలు పదిమందికే అట్టిది కారణము. మన యింట ఆ జాడ యున్నదో లేదో వైద్యుడు ఊహింపవలెనన్న, రక్తసంబంధము గలవారిలో ఎవరెవరు ఏ రోగముతో, ఏ వయసున పోయిరో వ్రాసి తీసికొనిపోవలెను. మేమును ఆమెయు కూర్చుండి మూడు తరముల స్త్రీల పేర్లు ఒక కాగితమున వ్రాసితిమి. పదునొకండు పేర్లు వచ్చినవి. నలుగురి యెదుట "కడుపులో గడ్డ", "గాలి సోకినది", "చిక్కి పోయినది", "చెప్పలేదు" అని మాత్రము వ్రాయవలసివచ్చినది.